టెక్ సందేహాలు: పరిచయమైన వారు పంపే ‘సహాయక’ యాప్

ప్రశ్న: నాకు చూపు లేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో ఒక డేటింగ్ యాప్ వాడుతున్నాను. అందులో పరిచయమైన వ్యక్తి, ఫొటోల్లో ఏముందో చదివి వినిపించే యాప్ ఇదంటూ ఒక లింకు పంపి, ఇన్‌స్టాల్ చేసి యాక్సెసిబిలిటీ సెట్టింగ్‌లలో ఆన్ చేయమంటున్నారు. చేయవచ్చా?

చేయకూడదు. ఇదే ప్రశ్న చిన్న చిన్న తేడాలతో పదేపదే వస్తోంది. ఒకరికి ఫొటోలు వివరించే యాప్, వినికిడి లేని మరొకరికి మాటలను అక్షరాలుగా మార్చే యాప్, వేళ్లు సరిగా కదలని ఇంకొకరికి వారి తరఫున టైప్ చేసిపెట్టే యాప్ పంపుతున్నారు. చెప్పే ప్రయోజనం ఏదైనా, అడిగే అనుమతి మాత్రం ఒక్కటే. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి పొందిన యాప్, తెర మీద కనిపించే అక్షరాలను చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు, ఖాళీ గడులను తానే నింపగలదు. స్క్రీన్ రీడర్ పని చేయాలంటే ఈ అధికారాలు నిజంగా అవసరం కాబట్టే వాటిని కల్పించారు; అయితే బ్యాంకు ఖాతాలను ఖాళీ చేసే దొంగ యాప్‌లకు కావలసినవి కూడా సరిగ్గా ఇవే. ఆ సెట్టింగ్‌ల పేజీ ఎన్నడూ తెరవని వారు ఈ అనుమతి అడగగానే తటపటాయిస్తారు. స్క్రీన్ రీడర్ వేగాన్ని, గొంతును మార్చుకోవడానికి తరచూ అక్కడికి వెళ్లే మీకు అది అలవాటైన చోటు కాబట్టి అనుమానం రాదు, మోసగాడు నమ్ముకున్నది కూడా ఆ అలవాటునే.

ఫొటోను వివరించే యాప్‌కు ఆ ఒక్క ఫొటోను షేర్ చేస్తే చాలు. తెర మొత్తం చదివే అధికారం దానికి అక్కర్లేదు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, యాప్ స్టోర్ బయట దొరికిన ఫైలుతో ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లకు ఈ అనుమతి ఇవ్వబోతే ఫోన్ అడ్డుపడి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను ఎలా దాటాలో అవతలి వ్యక్తి ఓపిగ్గా ఒక్కో మెట్టూ చెబుతున్నారంటే, వారి ఉద్దేశం తెలుసుకోవడానికి వేరే సాక్ష్యం అవసరం లేదు. ఐఫోన్‌లో మామూలు యాప్‌లకు ఇలాంటి అధికారం దొరకదు కాబట్టి, అక్కడ వీడియో కాల్ మధ్యలో స్క్రీన్ షేర్ చేయమని అడుగుతారు. అప్పుడు వచ్చిన ఓటీపీ మీ చెవిన పడే లోపే వారి కంట పడుతుంది.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ముందుగా ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకొని, ఆ అనుమతిని రద్దు చేసి, తరువాత యాప్‌ను తొలగించండి. సెట్టింగ్‌లు తెరిచిన ప్రతిసారీ ఫోన్ దానంతటదే వెనక్కి వచ్చేస్తుంటే, తనను తొలగించకుండా ఆ యాప్ అడ్డుకుంటోందని అర్థం. అప్పుడు ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే ఫోన్‌తోపాటు వచ్చిన యాప్‌లు మాత్రమే నడిచే స్థితిలో, తెరిచి దాన్ని తొలగించాలి. సేఫ్ మోడ్‌లో మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న స్క్రీన్ రీడర్ కూడా మూగబోతుంది కాబట్టి, నమ్మకమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. బ్యాంకుకు చెప్పడం, పాస్‌వర్డ్‌లు మార్చడం వేరే ఫోన్ నుంచే జరగాలి.

ప్రశ్న: నేను వీల్‌చెయిర్ వాడతాను. ప్రొఫైల్‌లో ఆ సంగతి రాయడం క్షేమమేనా?

రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం, అందులో నా సలహాకు చోటు లేదు. అయితే యాప్ ఇచ్చిన ‘ఆరోగ్యం’ గడిలో నింపిన సమాచారం ఎవరెవరికి చేరుతుందో మీకు తెలియదు. ఒక డేటింగ్ యాప్, వినియోగదారుల హెచ్ఐవీ వివరాలను రెండు బయటి కంపెనీలకు పంపుతోందని 2018లో బయటపడింది. రోగనిర్ధారణ పేర్లు, మందుల పేర్లు, భృతి వివరాలు ప్రొఫైల్‌లో వద్దు. మీరు ఎంత దూరంలో ఉన్నారో ఇతరులకు చూపే సౌకర్యాన్ని ఆపేయండి. ఆ దూరాన్ని మూడు వేర్వేరు చోట్ల నుంచి లెక్కగడితే మనిషి ఉన్న చోటు తేలిపోతుందని 2014లోనే పరిశోధకులు ఒక ప్రసిద్ధ యాప్‌పై నిరూపించారు. ఆ లోపాన్ని తరువాత సరిదిద్దినా, ఎక్కువ సమయం ఇంట్లోనే గడిపే వారికి ఆ చోటంటే ఇల్లే కదా. ఫొటోలను చాట్‌లో ‘డాక్యుమెంట్’గా పంపితే, తీసిన స్థలం వివరాలు వాటితోపాటే వెళ్లే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: నాకు మెడ మీద అదుపు లేదు. తల కుడికి, ఎడమకు తిప్పమనే సెల్ఫీ ధ్రువీకరణ ప్రతిసారీ విఫలమవుతోంది. ఏం చేయాలి?

సహాయక విభాగానికి రాసి, మనిషి చేతి ద్వారా ధ్రువీకరణ చేయమని అడగండి. ఇంతకు మించిన ఉపాయం నా దగ్గర లేదు, అందుకే కోపం వస్తోంది. మోసగాళ్లను వడగట్టడానికి పెట్టిన జల్లెడ నిజమైన మనుషులనే బయటకు తోసేస్తే, ధ్రువీకరణ గుర్తు లేని మీ ప్రొఫైల్‌ను చూసి ఇతరులు మిమ్మల్నే అనుమానిస్తారు. వేలితో లాగి చేసే పనికి లాగకుండా, తాకి చేసే మరో దారి ఉండాలని 2023 అక్టోబరులో విడుదలైన డబ్ల్యూసీఏజీ 2.2 (వైకల్యం ఉన్నవారూ వెబ్‌ను వాడగలిగేలా రూపొందించిన ప్రమాణం) చెబుతోంది. అయినా ప్రొఫైల్ కార్డును వేలితో పక్కకు నెట్టడం తప్ప మరో మార్గం లేని యాప్‌లు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. ఇంతకన్నా దారుణం, బ్లాక్ చేసే మీటకు పేరు పెట్టకపోవడం. స్క్రీన్ రీడర్ అక్కడ ఆగి ‘బటన్’ అని మాత్రమే పలికితే, వేధిస్తున్న వ్యక్తిని వదిలించుకోవాల్సిన మనిషి ఏది నొక్కాలి? రూపకర్తలు దీన్ని సౌకర్యానికి సంబంధించిన చిన్న లోపంగా లెక్కించి, తరువాతి అప్‌డేట్‌కు, ఆపై అప్‌డేట్‌కు వాయిదా వేస్తున్నారు. నా దృష్టిలో ఇది పాస్‌వర్డ్‌లు బయటపడటంతో సమానమైన భద్రతా లోపం. కొత్త యాప్‌లో ఫొటో పెట్టకముందే, ఎవరిదో ఒక ప్రొఫైల్ తెరిచి బ్లాక్, ఫిర్యాదు మీటలను మీ అంతట మీరు చేరుకోగలుగుతున్నారో లేదో పరీక్షించండి. చేరుకోలేకపోతే ఖాతాను రద్దు చేసి, కారణాన్ని స్టోర్‌లోని సమీక్షలో రాయండి.