ఏబీసీడీలు గడగడా చెప్తాడు.. ‘అమ్మా’ అని మాత్రం పిలవడు!

ప్రశ్న: మా బాబుకి 22 నెలలు. ఫోన్‌లో చూసి ఏబీసీడీలు, రైమ్స్ అన్నీ చెప్తాడు. ‘అమ్మా’ అని ఇంకా పిలవట్లేదు, ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదట. పిల్లల ఎదుగుదలపై మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చెప్పిన సిద్ధాంతం ప్రకారం ఇప్పుడు ఫ్లాష్ కార్డులు మొదలుపెట్టవచ్చా? మాంటిస్సోరి స్కూలు మంచిదా, మామూలు ప్లేస్కూలా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: స్కూలు సంగతి తర్వాత చూద్దామమ్మా. మధ్యలో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయమే నాకు ముఖ్యం.

ఈ వయసుకి ఏబీసీడీలు రాకపోయినా ఫర్వాలేదు, అవసరానికి మాట రావాలి. ఏడాదిన్నరకల్లా అమ్మ, నాన్న కాక ఇంకో మూడు మాటలైనా ప్రయత్నించాలి. కాకి కనపడితే ‘అదిగో’ అన్నట్టు వేలు చూపించాలి. బాబు అలా చూపిస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? రెండూ మీరు రాయలేదు.

చూడకుండా జబ్బు పేరు చెప్పను. ముందు చెవులకు బెరా పరీక్ష (శబ్దానికి వినికిడి నాడి, మెదడు స్పందిస్తున్నాయో లేదో నిద్రలో చూసేది) చేయించండి. తలుపు చప్పుడుకి తిరుగుతున్నాడు కదా అని ఊరుకోకండి, కొంత వినికిడి లోపం ఉన్న పిల్లలూ తిరుగుతారు. తర్వాత పిల్లల డాక్టరు దగ్గర ఎం-చాట్, అంటే ఆటిజం సూచనలున్నాయేమో చూసే ప్రశ్నావళి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం 20 ప్రశ్నలుంటాయి. అది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. ప్రభుత్వాసుపత్రిలో అయితే డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే జిల్లా కేంద్రం) ఎక్కడుందో అడగండి.

‘వాళ్ల నాన్నకూ లేటే’ అనే మాట నా ఓపీలో వినని వారం లేదు. వస అరగదీసి నాకించి, మెదడు టానిక్ సీసాలు ఖాళీ చేసి, మూడేళ్లు దాటాక తీసుకొస్తారు. లేటుగా మాట్లాడి బాగున్న పిల్లలూ ఉన్నారు, కాదనను. మీవాడు ఆ కోవలోవాడేనని ఇంట్లో కూర్చుని ఎలా తేలుస్తారు? థెరపీ అవసరమైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. అవసరం లేదని తేలితే పోయేది ఒకటి రెండు పూటలు.

పియాజే పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. రెండేళ్లలోపు పిల్లలు పట్టుకుని, నోట్లో పెట్టుకుని, విసిరి నేర్చుకుంటారన్నది ఆయన మాట. తన ముగ్గురు పిల్లల్నీ దగ్గరుండి గమనించి రాశాడు. ఓపీలో నేను తాళంచెవిని తువ్వాలు కింద దాస్తుంటాను, పిల్లాడు తువ్వాలు లాగుతాడా, నా ముఖం చూస్తాడా అని. కార్డులకు పెట్టే డబ్బు మిగుల్చుకోండి. బిస్కెట్ డబ్బా మూత గట్టిగా పెట్టి బాబు చేతికివ్వండి. మీవైపు చూసేదాకా ఆగి, ‘తియ్యనా?’ అని అడిగి తియ్యండి. రోజుకు పదిసార్లు ఇలాంటివి దొరుకుతాయి.

ఫోన్ వల్లే ఇలా అయిందని నేను అనట్లేదు. కానీ ఆపండి. రెండేళ్లు నిండాక కూడా రోజుకు గంటకు మించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఏ స్కూలో రిపోర్టులు వచ్చాక రాయండి. ఇంకొకటి, బెరాకు పిల్లలు నిద్రపోవాలి కదా అని కొందరు ఇంట్లో ఉన్న జలుబు సిరప్ పోసి తీసుకెళ్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మందు కావాలో వద్దో అక్కడి డాక్టరు చూసుకుంటారు. మీరు ఆ రోజు తెల్లవారుజామునే లేపండి చాలు.