పానా పట్టే ముందు: పాత ఎస్‌యూవీ కొన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

బండి ఫోటోలు చూశాను. డీజిల్ ఇంజను, లీవరుతో వేసే ఫోర్ వీల్ డ్రైవు, కింద నిచ్చెన మాదిరి ఛాసిస్. ఇంట్లో పని నేర్చుకోవడానికి ఇలాంటి బండే నయం. బానెట్ ఎత్తితే చెయ్యి దూరేంత చోటుంటుంది, కింద పడుకుంటే ఏ భాగం ఏదో కళ్లకి కనిపిస్తుంది. అంత పాత బండి కొన్నావేమిటని మీ నాన్న టెన్షన్ పడుతున్నాడట. వయసుతో పెద్ద ఇబ్బంది లేదని చెప్పు. ఇంతకు ముందు వాడినవాళ్లు ఏం చేశారో, ఏం వాయిదా వేశారో మనకి తెలియదు, చిక్కంతా అక్కడే ఉంది. అందుకే మొదట్లో రిపేర్ల జోలికి వెళ్లకు. కింద మట్టీ జిడ్డూ కడిగి, ఆయిళ్లన్నీ మార్చి, కొన్నాళ్లు నడిపి, ఏది ఎక్కడ కారుతోందో చూడు.

నువ్వు ఇంజన్ ఆయిలు గురించి అడిగావు. నేను జాకీతో మొదలుపెడతాను. ఆయిలు తప్పు పోస్తే ఇంజను పోతుంది, జాకీ తప్పు పెడితే మనిషి పోతాడు.

బండితో పాటు వచ్చే జాకీ దారిలో స్టెప్నీ మార్చుకోవడానికే. దాని మీద బండి ఉండగా కిందకి తల కూడా పెట్టకు. హైడ్రాలిక్ జాకీ అయినా అంతే, లోపలి సీలు (ఆయిలు కారకుండా ఆపే రబ్బరు రింగు) ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియదు. ఎత్తడం వరకే జాకీ పని. మొయ్యడానికి జాకీ స్టాండ్లు కావాలి. వాటి మీద ఎన్ని టన్నులని రాసి ఉందో చూసి, బండి బరువుకి మించినవే కొను. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు స్టాండ్లకి బదులుగా వాడొద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

నీ బండిలాంటి వాటిలో ఒక మెలిక ఉంది. హ్యాండ్ బ్రేకు మామూలుగా వెనక చక్రాలనే పడుతుంది. కొన్ని పాత ఫోర్ వీల్ డ్రైవు బండ్లలో చక్రాలని కాకుండా ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనకా చక్రాలకి ఇంజను బలం పంచే గేరుపెట్టె) వెనక ఉన్న షాఫ్టుని పడుతుంది. అలాంటి బండిలో ఒక వెనక చక్రం గాల్లోకి లేస్తే డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలనీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) దాన్ని వదులుగా తిరగనిస్తుంది, బండి జాకీ మీద నుంచి కదిలిపోతుంది. గేరులో పెట్టానుగా అని ధైర్యపడకు. ఫోర్ వీల్ వేసే చిన్న లీవరు న్యూట్రల్లో ఉంటే గేరుకీ చక్రాలకీ సంబంధమే ఉండదు, ఆటోమేటిక్ అయితే పార్కులో పెట్టినా నిలవదు. కాబట్టి నేల మీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు బిగించాకే జాకీ పెట్టు. స్టాండ్ల మీదకి దించాక భుజం ఆనించి బండిని గట్టిగా నెట్టి చూడు. ఏమాత్రం ఊగినా మళ్లీ ఎత్తి, సర్ది పెట్టు. విప్పిన చక్రాన్ని పక్కన ఆనించకుండా ఛాసిస్ కిందకి తోసెయ్. స్టాండు జారినా అది ఆపుతుంది.

చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే అర మర వదులు చెయ్యాలి. బిగించేటప్పుడు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగిస్తూ రా. చివర్లో టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే పానాతో) చూడు, 50-100 కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి చూడు. టార్క్ రెంచి లేకుండా పని మొదలెట్టొద్దు. కొత్తవాళ్లు నట్లు వదులుగా పెట్టడం కంటే మర తెగేదాకా బిగించడమే ఎక్కువ.

ఇంజన్ ఆయిలు సులువే. కాసేపు నడిపి, చేతికి కాలనంత వెచ్చగా ఉన్నప్పుడు దించు. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు వెయ్యి. ఫిల్టరు విప్పాక దాని రబ్బరు రింగు కూడా ఊడి వచ్చిందా అని తప్పకుండా చూడు. ఒక్కోసారి అది ఇంజనుకే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగులు కలిసి ఆగవు, స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా కింద ఉంటుంది. కొత్త రింగుకి కాస్త ఆయిలు రాసి చేత్తోనే బిగించు. స్టార్ట్ చేశాక ఆయిలు లైటు ఆరేదాకా రేజు చెయ్యకు, టర్బోకి (ఇంజనులోకి గాలి ఎక్కించే ఫ్యానుకి) ఆయిలు అందాలి. రెండో రోజే డిప్‌స్టిక్కు మీద ఆయిలు నల్లగా కనిపిస్తే కంగారు పడకు, డీజిల్ ఇంజనులో అది మామూలే.

డిఫరెన్షియల్ ఆయిలు దగ్గరే అసలు పరీక్ష. దానికి రెండు ప్లగ్గులుంటాయి, పైది నింపడానికి, కిందది దించడానికి. పైది ముందు విప్పు. కొత్తవాళ్లందరి చెయ్యీ కింది దాని మీదకే పోతుంది. ఆయిలంతా దించేశాక పై ప్లగ్గు రాకపోతే ఏం చేస్తావు? ఖాళీ డిఫరెన్షియల్‌తో బండి కదపకూడదు, మెకానిక్కునే ఇంటికి పిలవాలి. ఆ పై ప్లగ్గు ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోనిది అయి ఉంటుంది. ముందు రోజు రాత్రి వైరు బ్రష్షుతో చుట్టూ మట్టి రుద్ది, తుప్పు వదిలించే ఆయిలు కొట్టి ఉంచు. ప్లగ్గు గుంటలో గట్టిపడిన బురద ఉంటుంది, మేకుతో పూర్తిగా గీకు. అడుగున మట్టి మిగిలితే పానా సగమే దిగుతుంది, బలం పెట్టగానే అంచులు అరిగిపోతాయి. సరైన సైజు బిట్టు పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు వేసి కూర్చోబెట్టి, అప్పుడు పొడవాటి పిడితో నెమ్మదిగా లాగు. కిర్రుమని చప్పుడు చేసి వదులుతుంది. వీడియోలు ఎన్నయినా చూడు గానీ, వాటిలో తుప్పు పట్టని బోల్టులే ఉంటాయని గుర్తుపెట్టుకో.

కింది ప్లగ్గుకి చాలా బండ్లలో అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు పేస్టులాంటిది పేరుకుంటే అది మామూలు అరుగుదల. వేళ్లకి గుచ్చుకునే ముక్కలు, విరిగిన గేరు పళ్లు కనిపిస్తే మెకానిక్కుకి గేర్లు చూపించాల్సిందే. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగా వస్తే లోపలికి నీళ్లు పోయాయన్నమాట. అప్పుడు సీలు మార్చే ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద ఉండే బ్రీదరు, అంటే లోపలి గాలి ఆడే చిన్న దారి, చూడు. అది బురదతో మూసుకుపోతే, వేడెక్కిన యాక్సిల్ నీళ్లలో దిగినప్పుడు లోపలి గాలి ముడుచుకుని సీలు పక్కనుంచి నీళ్లని లాక్కుంటుంది. ఎండలో వేడెక్కిన గాలి అదే సీలు నుంచి ఆయిలుని బయటికి తోస్తుంది. బ్రీదరు శుభ్రం చేస్తే ఆగిపోయే లీకులకి సీళ్లు మార్చేసేవాళ్లు చాలామంది. ఆయిలు నింపేటప్పుడు బండి సమంగా ఉండాలి, పై రంధ్రం అంచు నుంచి కారడం మొదలైతే చాలు. గేరుబాక్సుకి జీఎల్-4 రకం గేరు ఆయిలు కావాలో జీఎల్-5 కావాలో ఓనర్స్ మాన్యువల్ చూసి పొయ్యి. డిఫరెన్షియల్‌కి పనికొచ్చే కొన్ని జీఎల్-5 ఆయిళ్లు గేరుబాక్సులోని ఇత్తడి సింక్రో రింగులకి (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే రింగులకి) పడవు.

ఎలాగూ కిందే ఉంటావు కాబట్టి యాక్సిల్‌కి బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకి (దాని చివర్లలోని కీళ్లకి) గ్రీజు కొట్టు. నాలుగు మూతల దగ్గరా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. రివర్సు నుంచి ఫస్టుకి మార్చినప్పుడు కింద టక్కుమంటోందన్నావు, ముందు అనుమానించాల్సింది వాటినే. షాఫ్టుని చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాసులో ఆట తెలుస్తుంది. అలాగే పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరు వేరు దూరం తిరగాలి, నీ బండిలో ఆ తేడా పోవడానికి దారి లేక షాఫ్టులు మెలి పడతాయి. నెలకోసారి మట్టి దారిలో మాత్రం వేసి నడుపు, లోపలి భాగాలకి ఆయిలు అందుతుంది.

బ్రేకు ప్యాడ్లు మార్చడం నువ్వు చెయ్యగలవు, కాకపోతే మొదటిసారి తెలిసినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకో. లోహపు పలక మీద ప్యాడు మందం 3 మిల్లీమీటర్లకి దిగితే మార్చెయ్. ప్యాడ్లని నొక్కే క్యాలిపర్‌ని బ్రేకు గొట్టం మీద వేలాడదియ్యకు, తీగతో కట్టు. క్యాలిపర్ జారే పిన్నులు తుడిచి, వాటికి సరిపడే గ్రీజు రాయి. ఒక ప్యాడు అరిగి రెండోది కొత్తగా ఉందంటే చాలాసార్లు ఆ పిన్నే బిగుసుకుని ఉంటుంది. పనయ్యాక బండి కదిపే ముందు పెడలు గట్టిపడేదాకా తొక్కాలి, లేకపోతే మొదటి బ్రేకుకి అది నేలకి దిగిపోతుంది. బ్రేకు ఆయిలు గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ఆయిలు 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 155 దగ్గరే మరగవచ్చు. ఇంత బరువున్న బండి పొడవాటి దిగుడులో బ్రేకులని ఆ వేడికి తేవడం కష్టమేమీ కాదు. రెండేళ్లకోసారి మార్చు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ముట్టుకోకు. అది దాదాపు 1 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) అదనపు ఒత్తిడి పట్టి ఉంచుతుంది, ఆ ఒత్తిడిలో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా మొహం మీదకి చిమ్ముతాయి. బ్యాటరీ విప్పితే నెగెటివ్ ముందు, తగిలిస్తే పాజిటివ్ ముందు. తుప్పు సంగతి: ఛాసిస్‌ని చిన్న సుత్తితో కొడుతూ వెళ్లు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా చప్పుడు చేస్తే వెల్డింగు పని ఉంది, అది నీది కాదు.

నీది కాని పనులు ఇంకొన్ని ఉన్నాయి. కామన్ రైల్ ఇంజనులో (డీజిల్‌ని ఒకే పైపులో భారీ ఒత్తిడితో నిలిపి సిలిండర్లలోకి చిమ్మేది) డీజిల్ పైపుల్లో 1,000 బార్లకి మించిన ఒత్తిడి ఉంటుంది. ఇంజను నడుస్తుండగా వాటి నట్టు వదులు చెయ్యకు, కారుతోందేమోనని వేలు పెట్టి చూడకు. ఆ సన్నటి చిమ్ము చర్మం లోపలికి దూరుతుంది. దెబ్బ చిన్నదిగానే కనిపిస్తుంది, అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది. డీజిల్ ఫిల్టరు కింది కుళాయి తిప్పి నీళ్లు వదలడం మాత్రం ఇంజను ఆపి నువ్వే చేసుకోవచ్చు. కాయిల్ స్ప్రింగులు, ఎయిర్‌బ్యాగు వైర్లు, ఏసీ గ్యాసు కూడా వదిలెయ్.

ఏ లక్షణం కనిపించినా ఒకేసారి రెండు భాగాలు మార్చకు. జబ్బు పోయినా దేనివల్ల పోయిందో తెలియదు, పోకపోతే రెండింటి మీదా అనుమానమే.

నీ ఇంజనులో పిస్టన్లకీ వాల్వులకీ తాళం కలిపేది చైనో టైమింగు బెల్టో మాన్యువల్ చూసి నాకు రాయి. బెల్టయితే, ఎప్పుడు మార్చారో సర్వీసు పుస్తకంలో లేకపోతే, పైన చెప్పినవన్నీ ఆపి ముందు మెకానిక్కు దగ్గర అది మార్పించు. అది తెగితే పిస్టన్లు వాల్వులని కొడతాయి. వాటర్ పంపుని ఆ బెల్టే తిప్పుతుంటే పంపు కూడా అప్పుడే వేయించు.

ఆశీస్సులతో,
మావయ్య