సెమీ-ఆటోమేటిక్ .22 రైఫిల్ కొనాలంటే బ్యారెల్‌కు, తూటాకు జత ఎలా చూసుకోవాలి?

దేవరకొండ దగ్గర ఉంటానని, ఎన్‌సీసీలో కాల్చిన అలవాటుతో సొంతంగా సెమీ-ఆటోమేటిక్ .22 (0.22 అంగుళాల సన్న తూటాది, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒకటి పేలి, తర్వాతి తూటా దానంతటదే ఎక్కే రైఫిల్) కొనాలనుందని రాశారు. బ్యారెల్ 16 అంగుళాలదా, 20 అంగుళాలదా, తూటా ఏది అన్నారు. పల్లి చేలో పందుల బాధ కూడా ఉందన్నారు. నేనూ నల్లగొండ ఎన్‌జీ కాలేజీ ఎన్‌సీసీ వాణ్నే. తర్వాత గచ్చిబౌలి వైపు రేంజిలో బోల్ట్ యాక్షన్ .22తో, అంటే ప్రతిసారీ చేత్తో పిడి లాగి తూటా ఎక్కించే దాంతో, కాలుస్తూ వచ్చాను.

ముందు లైసెన్స్ సంగతి. మన జిల్లాలో మామూలు లైసెన్స్ కలెక్టర్ ఇస్తారు, పోలీసు రిపోర్టు వచ్చాక. దాని మీద బోల్ట్ యాక్షన్ .22 తీసుకోవచ్చు. సెమీ-ఆటోమేటిక్ రైఫిల్ అలా కాదు. 2016 ఆయుధ నిబంధనల షెడ్యూల్‌లో అది మొదటి కేటగిరీ కిందికి వస్తుంది, ఫైలు కేంద్ర హోం శాఖ దాకా పోవాలి. ఇంత తిరిగి తెచ్చుకున్నా 50 మీటర్ల ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రైఫిల్ పోటీల్లో దాన్ని వాడనివ్వరు. అక్కడ ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చే తుపాకులే. పోటీల ఆలోచన ఏ కాస్త ఉన్నా బోల్ట్ యాక్షన్ తీసుకోండి అనే నా సలహా.

ఇక బ్యారెల్. .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్, మామూలుగా వాడే .22 తూటా)లో తుపాకీ మందు చాలా తక్కువ. 16 నుంచి 19 అంగుళాల లోపే అది మొత్తం కాలిపోతుంది. అంతకన్నా పొడుగైతే వేగం పెరగదు, రాపిడికి కాస్త తగ్గినా తగ్గుతుంది. పొడుగు బ్యారెల్ లాభమల్లా ఓపెన్ సైట్ల మధ్య దూరం పెరగడం, ముందు బరువుండి చేయి నిలకడగా ఉండడం. స్కోప్ పెట్టేవాళ్లకు 16 చాలు. లోపలి గాడుల మెలిక గురించి తల పట్టుకోకండి, .22 ఎల్‌ఆర్‌లో దాదాపు అందరూ 16 అంగుళాలకు ఒక చుట్టే పెడతారు. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) సీసం బుల్లెట్‌కు, అంటే తూటా నుంచి ఎగిరిపోయే ముక్కకు, సరిపోయే లెక్క అది. బ్యారెల్ మీద ఏం కొట్టి ఉందో మాత్రం తప్పకుండా చదవండి. .22 మ్యాగ్నమ్ అనే ఇంకో రకం తూటా కేసు (మందు ఉండే లోహపు తొడుగు) ఎల్‌ఆర్ కేసు కన్నా లావు, పొడుగు. పేరులో .22 ఉంది కదా అని ఒకదాని తూటా ఇంకోదాంట్లో పెట్టకూడదు.

అసలు తేడా తూటా వేగంలో ఉంది. స్టాండర్డ్ వెలాసిటీ తూటా సెకనుకు సుమారు 326 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. అంటే శబ్దం కన్నా కిందే. హై వెలాసిటీది 375 పైన బయల్దేరి, దారిలో శబ్ద వేగం కిందికి దిగుతుంది. ఆ దిగే చోట బుల్లెట్ కుదుపుకు లోనై గుంపు, అంటే టార్గెట్ కాగితం మీద పడే రంధ్రాల ముద్ద, చెదురుతుంది. 20 డిగ్రీల దగ్గర శబ్ద వేగం 343 మీటర్లు, మన మే నెల 40 డిగ్రీల ఎండలో 355 దాకా పోతుంది. అందుకే కాగితం మీద గుంపు కావాలంటే స్టాండర్డే నయం. డబ్బా మాత్రం ఎండలో పెట్టకండి, మందు వేడెక్కితే వేగం మారుతుంది.

సెమీ-ఆటోలో ఇక్కడే చిక్కు. తూటాను మూసి ఉంచే బోల్ట్‌ను వెనక్కి నెట్టి, ఖాళీ కేసును బయటికి తీసేది ఆ తూటా బలమే. డాలస్‌లో మా బావమరిది దగ్గర ఒక సెమీ-ఆటో కాల్చి చూశాను. హై వెలాసిటీ తూటాలు గడగడా పోయాయి. నెమ్మది తూటాలు పెడితే ఖాళీ కేసు పూర్తిగా బయటికి రాకుండా ఇరుక్కునేది, గుంపు మాత్రం వాటితోనే బాగా వచ్చింది. మ్యాచ్ చాంబర్ (పోటీల కోసం బిగుతుగా చేసిన, తూటా కూర్చునే గది) ఉన్న బ్యారెల్‌లో ఇంకో పేచీ ఉంది. చాంబర్ బిగుతుగా ఉంటుంది కాబట్టి బుల్లెట్ ముందు గాడుల్లో పట్టుకుంటుంది. కాల్చకుండా తీయబోతే కేసు వచ్చి బుల్లెట్ లోపలే ఉండిపోవచ్చు. అప్పుడు రేంజి ఆఫీసర్‌ను పిలవాలి. దాని వెనక ఇంకో తూటా పెట్టి కాల్చడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఏ తూటా మీ బ్యారెల్‌కు పడుతుందో కేటలాగు చెప్పదు. మూడు నాలుగు రకాలు ఒక్కో డబ్బా తెచ్చి, ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి, 50 మీటర్ల దగ్గర ఐదేసి తూటాల గుంపులు కొట్టండి. రకం మార్చినప్పుడల్లా ముందు కొన్ని ఊరికే కాల్చి వదిలేయాలి, పాత తూటాల బుల్లెట్ మీది మైనం పూత పోయి కొత్తది బ్యారెల్‌కు పట్టేదాకా. మంచిది దొరికితే డబ్బా మీది లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) రాసుకోండి. అదే కంపెనీ, అదే పేరు, లాట్ మారితే గుంపు మారిపోవడం నేను చూశాను. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల గుండ్రం 10.4 మిల్లీమీటర్లే, ఆ తేడా అక్కడ బాగా తెలుస్తుంది.

పందుల మాట వదిలేయండి. .22 దెబ్బకు అడవిపంది పడదు, గాయపడి మీదికొస్తుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి లేకుండా కొడితే మీ మీదే కేసు. పంట నష్టానికి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోండి. రైఫిల్ కొనేముందు ఏదైనా క్లబ్బులో చేరి, వాళ్ల .22తో రెండు మూడు నెలలు కాల్చి చూడండి.