టిఫా స్కాన్‌లో గడ్డ కనిపించిన భారతికి

చి.ల.సౌ. భారతికి పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడు వాట్సాప్‌లో పంపిన టిఫా (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) రిపోర్టు చూశాను. బిడ్డ తోక ఎముక దగ్గరున్న ఆ గడ్డను సాక్రోకాక్సీజియల్ టెరటోమా అంటారు. గ్రహణం రోజు నువ్వు బయట తిరిగావు కాబట్టే వచ్చిందని మీ అత్తగారు అంటున్నారట. ఆ మాట మనసులో పెట్టుకోకు. నీ తిండికీ, నడకకీ, గ్రహణానికీ దీనితో సంబంధం లేదు. ఇది సుమారు 35 వేల నుంచి 40 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. పుట్టేనాటికి వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు.

నీళ్ల గడ్డ అయితే చాలాసార్లు కాన్పు దాకా కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. గట్టి కండ ఉండి, రక్తనాళాలు దట్టంగా ఉంటేనే చిక్కు. బిడ్డ రక్తాన్ని గడ్డ లాగేసుకుంటే, ఆ చిన్న గుండె మోయలేనంత పని మోయాలి. అది అలసిపోతే బిడ్డ ఒంట్లో నీరు చేరుతుంది. అదే హైడ్రాప్స్. అది ముదిరాక పరిగెత్తితే చేయగలిగింది తక్కువ. లేబర్ రూంలో పని చేసిన మనిషిగా చెబుతున్నా, నెల తర్వాత చూద్దామనుకోకు. ఈ వారమే హైదరాబాద్‌లో ఫీటల్ మెడిసిన్ డాక్టరుకు, అంటే కడుపులో ఉన్న బిడ్డకు వైద్యం చేసే డాక్టరుకు చూపించు. గర్భం తీయించుకోమని బంధువులు చెప్పే మాటకు ఆ డాక్టరు చూశాకే జవాబు.

గట్టి భాగం ఎంతుంది, గుండె ఎలా పని చేస్తోంది, ఉమ్మనీరు ఎంతుంది, మళ్లీ స్కాన్ ఎప్పుడు, అన్నీ అడుగు. బిడ్డ గుండెను చూసే ఫీటల్ ఎకో, రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్ తప్పనిసరి. గుండెకు భారమైతే కడుపులో ఉండగానే సూదితో లోపలికి వెళ్లి, లేజర్‌తోనో రేడియో తరంగాల వేడితోనో గడ్డకు రక్తమిచ్చే నాళాలను మూసేస్తారు. గర్భసంచి తెరిచి గడ్డ తీయడం కూడా 1990ల్లోనే అమెరికాలో చేశారు. దేనికైనా నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉంది, అందుకే అందరికీ చేయరు.

నీ ఒంటినీ చూసుకో. బిడ్డకు నీరు చేరితే తల్లికీ వాపు, బీపీ, ఆయాసం రావచ్చు. అలా అనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లు.

గడ్డ పెద్దదైతే సిజేరియన్ చేస్తారు. పిల్లల సర్జన్, ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) ఉన్నచోటే కాన్పు పెట్టుకోండి. ఆపరేషన్‌లో తోక ఎముకను కూడా తీసేయాలి, లేకపోతే గడ్డ మళ్లీ పెరిగే ప్రమాదం ఎక్కువ. తర్వాత మూడేళ్ల వరకు, గడ్డ మళ్లీ వస్తోందేమో చెప్పే ఏఎఫ్‌పీ రక్తపరీక్షలు మానొద్దు.

ఆదోనిలో తీసిన స్కాన్ సీడీ, పాత రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకుని ముందు కర్నూలుకు రండి. నేనూ మీతో వస్తాను.