నోటితో అడిగితే లెక్కలోకి రాదు

"అక్కా, మా బాబుకి మూడున్నరేళ్ళు. ఇంకా రెండు మాటలు కలిపి చెప్పడం లేదు. హైదరాబాద్‌లో ఏడాది స్పీచ్ థెరపీ చేయించాం. మేం వచ్చి మూడు నెలలే, హెచ్-1బీ. ఇక్కడ స్కూల్లో అడగొచ్చా? గ్రీన్‌కార్డుకి ఏమన్నా ఇబ్బందా?"

టెక్సస్‌లో డాలస్ పక్కన పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందరూ గొంతు తగ్గించే అడుగుతారు, అదే నాకు బాధ.

అడగొచ్చు. ఇదేమీ వెల్ఫేర్ కాదు, బడి చదువులో భాగం. 1975లో వచ్చిన అమెరికా చట్టం, ఇప్పుడు ఐడియా (IDEA) అంటారు. ఎదుగుదలలోనో చదువులోనో ఇబ్బంది ఉన్న పిల్లలకి మూడేళ్ళు నిండినప్పటి నుంచే పబ్లిక్ స్కూలు పైసా తీసుకోకుండా సాయం చెయ్యాలని అందులో ఉంది. చేర్చుకోవడానికి ఇంటి అడ్రస్ రుజువు, పుట్టిన సర్టిఫికెట్, టీకాల కాగితాలు అడుగుతారు, అంతే. అసలు కాగితాలే లేని పిల్లల్ని కూడా బడి నుంచి ఆపకూడదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. మనసు ఊరుకోకపోతే మీ లాయర్‌ని ఒక మాట అడగండి, కానీ ఆ జవాబు వచ్చేదాకా బాబు పని ఆపకండి. కిండర్‌గార్టెన్ వయసు రావాలేమో అని కూర్చోవద్దు, మూడు నిండితే చాలు. మూడు లోపు పిల్లలకి వేరే కార్యక్రమం ఉంది, టెక్సస్‌లో ఈసీఐ అంటారు.

ఇక అసలు సంగతి. మా పెద్దవాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు వాడికి మాటలు సరిగ్గా రావట్లేదని అక్టోబర్‌లో పేరెంట్ మీటింగ్‌లో టీచర్‌ని అడిగాను. "ఇంట్లో వేరే భాష కదా, ఇంగ్లీష్ వస్తే సర్దుకుంటుంది" అంది. మంచి మనిషే. ఫిబ్రవరిలో మళ్ళీ అడిగితే "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంది. మార్చిలో మా వీధిలో ఉండే ఒకావిడ, "ఈమెయిల్ పెట్టావా?" అని అడిగింది. పెట్టలేదు. ఆ రాత్రే నాలుగు లైన్లు రాసి పంపాను. మూడు వారాల్లో, వాణ్ణి పరీక్షించడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని కాగితాలు వచ్చాయి. అంటే అయిదు నెలలు నేను మాటలతోనే గడిపేశాను.

టెక్సస్ లెక్క ఇది: స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (అంటే జిల్లా కాదు, మీ ఏరియా స్కూళ్ళని నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి గానీ, డిస్ట్రిక్ట్ ఆఫీసులో బాధ్యతగల వాళ్ళకి గానీ రాతపూర్వకంగా అడిగితే 15 స్కూలు రోజుల్లో ఔననో కాదనో రాసి ఇవ్వాలి. ఔనంటే మీరు సంతకం పెట్టిన రోజు నుంచి మామూలుగా 45 స్కూలు రోజుల్లో ఎవాల్యుయేషన్ రిపోర్ట్, అంటే పిల్లాణ్ణి పరీక్షించి రాసిన రిపోర్ట్ రావాలి. వేరే రాష్ట్రాల్లో గడువులు వేరు. ఈమెయిల్‌లో పిల్లాడి పేరు, పుట్టిన తేదీ, మీరు గమనించినవి రెండు మూడు, చివర "స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఎవాల్యుయేషన్ కోరుతున్నాం" అన్న వాక్యం. ప్రిన్సిపాల్‌కి కాపీ. హైదరాబాద్ రిపోర్టులు జతచెయ్యండి, పనికొస్తాయి. కానీ డాక్టర్ ఆటిజం అని రాసినంత మాత్రాన స్కూలు సర్వీసులు ఇచ్చెయ్యదు. చదువుకి అది ఎలా అడ్డొస్తోందో వాళ్ళు సొంతంగా చూస్తారు.

ఒక పక్క మాట. ఇక్కడ స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటితే డిస్ట్రిక్టులకి చెడ్డ మార్కు పడే లెక్క ఒకటి 2004 నుంచి చాలా ఏళ్ళు నడిచింది. 2017లో టెక్సస్ చట్టసభ దాన్ని నిషేధించింది, 2018లో అమెరికా కేంద్ర విద్యాశాఖ తప్పని తేల్చింది. మా ఆలస్యానికి అదే కారణమని నేననను. అయినా "చూద్దాం" అన్న మాట విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

తెలుగు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అడ్మిషన్ ఫారాల్లో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. ఈఎస్‌ఎల్ క్లాసులో, అంటే ఇంగ్లీష్ రాని పిల్లల క్లాసులో వేస్తారన్న భయంతో మనవాళ్ళు చాలామంది ఇంగ్లీష్ అని రాసేస్తారు. మాటలు ఆలస్యమైన పిల్లాడికి దీనంత నష్టం లేదు. వాడికి తెలుగులో యాభై మాటలు వచ్చి ఇంగ్లీష్‌లో పది వస్తే, పరీక్షించేవాళ్ళకి పదే కనిపిస్తాయి. పిల్లాడికి ఏ భాషలో పరీక్షిస్తే నిజం బయటపడుతుందో ఆ భాషలో పరీక్షించాలని, ఇంగ్లీష్ రాకపోవడాన్నే లోపంగా చూపకూడదని చట్టంలోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు తెలుగు అని రాయండి. ఫోన్‌లో అత్తగారు "తెలుగు మానేసి ఇంగ్లీష్‌లోనే మాట్లాడండమ్మా" అంటారు, మా అత్తగారూ అన్నారు. రెండు భాషల వల్ల మాటలు ఆగిపోవు. మావాడు మొదట చెప్పిన పూర్తి వాక్యం "నాకు నీళ్ళు కావాలి".

తర్వాత మీటింగ్. పిల్లాడికి ఏ సాయం ఎంత ఇస్తారో రాసే ప్లాన్‌ని ఐఈపీ అంటారు. దాని కోసం పెట్టే మీటింగ్‌ని మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్, ఇక్కడ ఆర్డ్ అంటారు. బల్ల చుట్టూ ఆరుగురు కూర్చుంటారు, టెన్షన్ పడకండి. ఇంగ్లీష్ ఇబ్బందైతే దుబాసీని స్కూలే ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, ముందే అడగండి. మీ ఆయన చేత అనువాదం చేయించుకోకండి, మగవాళ్ళు సగం మింగేస్తారు. వారానికి ఎన్ని నిమిషాల స్పీచ్, ఒక్కడికా, గుంపులోనా అని అడిగి కాగితం మీద చూసుకోండి. లక్ష్యాలు రాసే చోట ఉత్తినే "మెరుగుపడతాడు" అని రాస్తే ఒప్పుకోవద్దు. అయిదుసార్లలో నాలుగుసార్లు ఏం చెయ్యగలగాలో ఉండాలి. వేరే గదిలో కూర్చోబెడతారేమో అని అందరికీ భయం. కుదిరినంతవరకు మామూలు క్లాసులోనే ఉంచాలన్నది నియమం, వేరుగా ఉంచితే ఎందుకో రాసి చెప్పాలి. నచ్చకపోతే ఆ రోజే ఔననక్కర్లేదు. ఒప్పుకోవడం లేదని చెబితే ఇక్కడ 10 స్కూలు రోజుల్లోపు మళ్ళీ కూర్చునే అవకాశం ఉంది.

ఇంకొకటి, మనం లీజు అయిపోగానే అపార్ట్‌మెంట్ మారిపోతాం. స్కూలు ఏడాది మధ్యలో డిస్ట్రిక్ట్ మారినా కొత్త స్కూలు పాత ఐఈపీకి దగ్గరగా ఉండే సర్వీసులు వెంటనే మొదలుపెట్టాలి. పాత స్కూలు నుంచి రికార్డులు నింపాదిగా వస్తాయి. అందుకని ఆ కాపీని సామాన్లతో పాటు ట్రక్కులో పడెయ్యకుండా, పాస్‌పోర్టులు పెట్టుకునే సంచీలోనే పెట్టుకోండి.