పచ్చబడింది టానిక్ వల్లా, నీరు తీయడం వల్లా?

సందేహం: పత్తి 45 రోజుల పైరు. ముసురుకు నీరు నిలిచి ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. వాన తెరిపి ఇచ్చాక దుకాణదారు చెప్పిన టానిక్ కొట్టాను, పది రోజుల్లో పచ్చబడింది. పక్క చేను రైతు మూడుసార్లు కొట్టాడు, ఆయన పైరు ఇంకా ఏపుగా ఉంది. నేనూ ఇంకో రెండుసార్లు కొట్టమంటారా?

సలహా: వద్దు. టానిక్ కొట్టాక పచ్చబడింది, నిజమే. అంతమాత్రాన దాని వల్లే పచ్చబడిందని తేలదు. నీరు నిలిస్తే వేరుకు గాలి ఆడదు, నత్రజని అందదు, ఆకు పాలిపోతుంది. నీరు తీస్తే వేరు కోలుకుని కొత్త ఆకు పచ్చగా వస్తుంది. మీరు మందు కొట్టిందీ వాన వెలిశాకే, వేరు కోలుకుందీ వాన వెలిశాకే.

ట్యాంకు అయిపోయి మందు పడని సాళ్లు గట్టు వారన ఉన్నాయేమో చూడండి. అవీ పచ్చబడి ఉంటే ఆ మేలు టానిక్‌ది కాదు. మందు పడినా నీరు ఊరుతున్న పల్లపు మూల ఇంకా పసుపుగానే ఉందా? అదీ చూడండి. పక్క చేను మెరకేమో, ముందు విత్తారేమో, విత్తన రకం వేరేమో కనుక్కున్నారా? మూడుసార్లు టానిక్ కొట్టే ఓపికున్న రైతు కలుపూ ఎరువూ కూడా వేళకు చూసుకుని ఉండవచ్చు.

‘కొట్టినవాళ్లందరికీ పని చేసింది’ అన్న దుకాణదారు మాట మీద దయచేసి ఖర్చు పెట్టకండి. కొట్టకుండా కోలుకున్న రైతు ఆయన కంట పడడు, కొట్టి నష్టపోయినవాడు మళ్లీ ఆ గడప తొక్కడు.

పల్లపు మూలకు ఇవాళే కాలువ తీయండి. నీరు పోయాక పసుపు తగ్గని చోట యూరియా లీటరు నీటికి 20 గ్రాములు కలిపి చల్లటి పూట పిచికారి చేయండి, వారం తర్వాత మరోసారి.

టానిక్ సంగతి తేల్చుకోవాలంటే, ఒకే మట్టం ఉన్న చోట నాలుగు సాళ్ల చొప్పున ఆరు పట్టీలు గుర్తు పెట్టండి. పచ్చగా ఉన్నవాటిని ఎంచుకోకుండా చీటీ వేసి, మూడింట టానిక్, మూడింట అదే పంపుతో ఉత్త నీళ్లు కొట్టండి. యూరియా, పురుగుమందు వంటివి వాడితే ఆరింటికీ ఒకేలా వాడాలి. మందు గాలికి ఎగిరి పడుతుంది కాబట్టి అంచు సాళ్లు వదిలి, నడిమి రెండు సాళ్ల పత్తినే ప్రతి తీతలో విడిగా తూచి రాసుకోండి. టానిక్ పట్టీల్లో అన్నిటికన్నా తక్కువది కూడా నీళ్ల పట్టీల్లో అన్నిటికన్నా ఎక్కువదాన్ని దాటితే అప్పుడు మాట్లాడదాం.