ఆట ముందు, అన్యాయం తర్వాత

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది, నిదానంగా చదివాను. మన వైపు కబడ్డీ గురించీ, క్రికెట్ గురించీ రాసేవాళ్లు ఎందరో ఉన్నారు. నువ్వు మాత్రం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో పుట్టి, భారత ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్‌గా ఎదిగిన తులసీదాస్ బలరాంను ఎంచుకున్నావు. అందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఆయన 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూసినప్పుడు తెలుగులో రావలసినంత రాలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది కాబట్టి, ఈ వ్యాసం బాగా రావాలన్న పట్టుదల నీతో పాటు నాకూ ఉంది.

మొదటి వాక్యంలోనే ఆయనను పద్మశ్రీకి నోచుకోని అభాగ్యుడు అన్నావు. ఆ వాక్యం అక్కడ ఉండకూడదు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి భారత దాడికి మూడో కాలుగా నిలిచిన వ్యక్తికి, మిగతా ఇద్దరికీ దక్కిన పద్మశ్రీ దక్కకపోవడం నిజమే, అది చెప్పవలసిన సంగతే. కానీ ఆయన ఎలా ఆడాడో ఇంకా తెలియని పాఠకుడి ముందు ఆ ఫిర్యాదు పెడితే అతడు జాలిపడి ఊరుకుంటాడు, ఆ ఆటగాడు ఎంతటివాడో అతడికి తెలియనే తెలియదు. నీ వ్యాసంలో బిరుదులూ, పతకాలూ, సంవత్సరాలూ అన్నీ ఉన్నాయి, బంతి మాత్రం ఎక్కడా కదలలేదు.

1960 ఒలింపిక్స్ సంగతే తీసుకో. భారత జట్టు తొలి దశలోనే వెనుదిరిగిందని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నా దృష్టిలో నీ వ్యాసానికి గుండెకాయ అక్కడే ఉంది. ఆగస్టు 26న జరిగిన మొదటి మ్యాచ్‌లో ఎదురుగా ఉన్నది ఫ్లోరియాన్ ఆల్బర్ట్ లాంటి మేటి ఫార్వర్డ్ ఆడుతున్న హంగరీ, ఆ ఒలింపిక్స్‌లో చివరికి కాంస్యం గెలిచిన జట్టు. ఆ జట్టు మీద భారత్ 1-2తో ఓడింది, మన ఆ ఒక్క గోల్ బలరాం కొట్టినది. తర్వాత ఫ్రాన్స్‌తో మ్యాచ్ 1-1గా ముగిసింది, అందులో గోల్ బెనర్జీది. పెరూ చేతిలో 1-3తో ఓడిన ఆఖరి మ్యాచ్‌లో గోల్ మళ్లీ బలరాందే. అంటే మూడు మ్యాచ్‌లలో మన జట్టు కొట్టిన మూడు గోల్స్‌లో రెండు ఆయనవి, ఆ రెండూ ఓడిన మ్యాచ్‌లలోనివే. గెలిచిన రోజు గోల్‌ను ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. ఓడిన రోజు, ఆట చివరి దశకు చేరిన తర్వాత కూడా గోల్ కోసం వెతుకుతున్న ఫార్వర్డ్‌ను గుర్తుపెట్టుకోవలసిన బాధ్యత మనలాంటివాళ్లది. ఈ భాగానికి కనీసం ఒక పుట ఇవ్వు.

జకార్తా దగ్గర దీనికి తలకిందులైన పొరపాటు చేశావు. 1962 ఆసియా క్రీడల ఫైనల్‌లో బలరాం స్వర్ణం సాధించిపెట్టాడని రాశావు గానీ, సెప్టెంబర్ 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఆ మ్యాచ్‌లో గోల్స్ కొట్టినవారు బెనర్జీ, జర్నైల్ సింగ్. బలరాం గోల్స్ అంతకు ముందు థాయ్‌లాండ్ మీద, జపాన్ మీద వచ్చాయి. ఆ రెండు మ్యాచ్‌లూ గెలవకపోతే సెమీఫైనల్ ఉండేది కాదేమో, ఎందుకంటే మొదటి మ్యాచ్‌లోనే ఇదే కొరియా చేతిలో మనవాళ్లు 0-2తో ఓడిపోయారు. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ముందు వరుసలోకి పంపిన సంగతి కూడా నువ్వు వదిలేశావు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపిన ఆ గురువును వదిలేస్తే బలరాం ఆటకు వేరు ఉండదు. సెంటర్ ఫార్వర్డ్‌గానూ, ఎడమ అంచునా ఆడగలిగిన ఆటగాడు జట్టుకు ఎందుకంత అవసరమో రహీం గురించి రాసేటప్పుడే తేటగా చెప్పగలవు.

గోల్స్ మొత్తం ఎన్ని అన్నదాని మీద చాలా వెతికావని తెలుస్తూనే ఉంది. 1961 కలకత్తా లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ తరఫున కొట్టిన 23 గోల్స్ లాంటి అంకె ఉండవలసిందే, కానీ అంకె దగ్గరే ఆగిపోకు. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందెంలో బండ ఎన్ని అడుగులు జరిగిందో మైకులో చెబుతారు గానీ, చూసి వచ్చినవాడు ఇంటికెళ్లి చెప్పేది ఎద్దులు మోకాళ్ల మీద పడి లేచిన తీరు గురించే కదా. స్ట్రైకర్ గురించి రాయడమూ అంతే. డిఫెండర్ ఎటు చూస్తున్నాడు, పాస్ ఎవరి నుంచి వచ్చింది, షాట్ కొట్టే ముందు ఎంత చోటు దొరికింది అన్నవి దొరికినంత మేర రాయాలి. దొరకనివి ఊహించి మాత్రం రాయకూడదు. ఈ విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

దొరకడానికి దారి ఉంది. వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లు. 1918 నాటి ఆ గ్రంథాలయం పాత పత్రికల సంపుటాలను జాగ్రత్తగా దాచిన చోటు, నీకు బస్సులో ఒక పూట ప్రయాణం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ నాటి డిసెంబర్, 1960 ఆగస్టు, సెప్టెంబర్, 1962 సెప్టెంబర్ సంచికలు అడుగు. క్రీడల పుటలో చిన్న వార్త కనిపించినా తేదీతో సహా రాసుకో. ఆ తర్వాత సికింద్రాబాద్‌లో ఆ తరం ఆట చూసిన పెద్దలను వెతుకు, ఆలస్యం చేస్తే వాళ్లూ ఉండరు. వాళ్లు చెప్పినదాన్ని పత్రికతో సరిచూడకుండా మ్యాచ్ వివరంగా వాడకు, జ్ఞాపకంగా అయితే వాళ్ల మాటల్లోనే ఇవ్వు.

ఇక ఆయన ఆట మానడం గురించి. అర్జున అవార్డు 1962లో వచ్చింది. మరుసటి ఏడే, ఇంకా ఇరవైల్లో ఉండగానే, అనారోగ్యం ఆయనను మైదానానికి దూరం చేసింది. ఇక్కడ నువ్వు విధి అనీ, శాపమనీ నాలుగు పేరాలు నడిపావు. అవన్నీ కొట్టేసి, ఆ ఏడాది జూన్‌లో రహీం కూడా కేన్సర్‌తో చనిపోయాడన్న వాస్తవాన్ని పక్కన పెట్టు. గురువూ, ఆటా ఒకే ఏడాది దూరమయ్యాయని పాఠకుడు తానే గ్రహిస్తాడు. ఆ తర్వాత హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో ఆయన గడిపిన దశాబ్దాలను క్లుప్తంగా చెప్పి, పద్మశ్రీ ప్రస్తావన అక్కడికి తీసుకురా. అప్పటికి పాఠకుడి ముందు హంగరీ మీద కొట్టిన గోల్ ఉంటుంది కాబట్టి నీ కోపానికి ఆధారం దొరుకుతుంది, విశేషణాలు అక్కర్లేదు.

వేటపాలెం వెళ్లి వచ్చాక సవరించిన ప్రతిని సంక్రాంతిలోగా పంపు. ఏ సంచికలో ఏది దొరికిందో విడిగా ఒక కాగితం మీద రాసి దానికి జతచెయ్యి, నేను కూడా సరిచూస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి